‘అక్కడి జనాన్ని అడిగారా, మేడమ్?’

ప్రశ్న:

నేను నగరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఇటీవల పదో తరగతిలో 1914 నాటి ఐరోపా పటాన్నీ, 1923 నాటి పటాన్నీ పక్కపక్కన తగిలించి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సామ్రాజ్యాలు ఎలా కూలిపోయాయో వివరిస్తుండగా ఒక అమ్మాయి లేచి, “ఈ గీతలు గీసేటప్పుడు అక్కడి జనాన్ని అడిగారా, మేడమ్?” అంది. ఆ పిల్ల అమ్మమ్మగారి ఊరు తిరుత్తణి పక్కన. సరిహద్దు అవతల చుట్టాలున్న ఇంట్లో పెరిగింది కాబట్టి ఆమెకు ఇది మార్కుల కోసం అడిగే ప్రశ్న కాదు. “రేపు చెబుతాను” అని ఆ పూటకు దాటవేశాను. తోటి మాస్టారు ఒకరు, “గెలిచినవాళ్లు తమకు నచ్చినట్టు గీసుకున్నారని చెప్పి పాఠం ముందుకు నడపండి” అన్నారు. అది అబద్ధం కాదు గానీ పూర్తి సమాధానమూ కాదనిపిస్తోంది. ఆమెకు ఏం చెప్పమంటారు? ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం. ఆ అమ్మాయికి ముందుగా సూటిగా జవాబు చెప్పండి: కొన్ని చోట్ల అడిగారు, చాలా చోట్ల అడగలేదు, ఒకచోట అడిగి కూడా ఆ కాగితాలను పక్కన పడేశారు, మరొకచోట అడగకపోగా లక్షల మందిని సొంత ఇళ్ల నుంచి లేపి సముద్రం దాటించారు. ఈ నాలుగు మాటలూ చెప్పాక, ఆమె అడగకపోయినా మీరు కలపవలసిన ఐదో మాట ఒకటుంది. జనాన్ని అడగాలంటే ముందు ‘జనం’ అంటే ఎవరో, ఏ గీతకు ఇవతలివాళ్లో ఎవరో ఒకరు నిర్ణయించాలి. అంటే సరిహద్దు తేల్చడానికి ఓటు పెట్టినా, ఆ ఓటు కన్నా ముందే ఒక సరిహద్దు గీయవలసి వచ్చింది. పాఠం మొత్తాన్ని ఈ ముడి చుట్టూ నడపవచ్చునని నా అభిప్రాయం.

మీ మాస్టారి మాటలో సగం నిజం ఉంది. జర్మనీతో వర్సెయిల్స్ సంధి 1919 జూన్ 28న, ఆస్ట్రియాతో సెయింట్ జర్మెయిన్ సంధి అదే ఏడాది సెప్టెంబర్ 10న, హంగేరీతో ట్రయనాన్ సంధి 1920 జూన్ 4న, ఒట్టోమన్ ప్రభుత్వంతో సెవ్ర్ సంధి 1920 ఆగస్టు 10న కుదిరాయి. వీటన్నిటి షరతులనూ గెలిచిన పక్షమే రాసింది. అయితే పారిస్‌లో శాంతి సభ మొదలైన 1919 జనవరి 18 నాటికే మధ్య ఐరోపాలో చాలా గీతలు నేల మీద పడిపోయి ఉన్నాయి. చెకోస్లొవేకియా 1918 అక్టోబర్ 28న ప్రకటించుకుంది. సెర్బులు, క్రొయేషియన్లు, స్లొవీనుల రాజ్యం డిసెంబర్ 1న ఏర్పడింది. అదే రోజున, హంగేరీ కింద ఉన్న ట్రాన్సిల్వేనియాలోని రొమేనియన్లు ఆల్బా యూలియాలో సభ జరిపి రొమేనియాలో కలుస్తున్నామని తీర్మానించారు. ఏ సైన్యం ఏ ఊరి దాకా వచ్చి ఆగిందో అదే చాలా చోట్ల హద్దుగా మిగిలింది. పారిస్‌లోని పెద్దలు వాటిలో కొన్నిటిని సవరించారు, ఎక్కువ భాగాన్ని ఆమోదించారు. ఖాళీ కాగితం ముందు పెట్టుకుని నలుగురు గీతలు గీశారన్న ఊహ పిల్లల మనసులో పడితే, ఆ గందరగోళంలో స్థానికులు తామే చేసిన పనులు, తామే చేసిన తప్పులు కనబడకుండా పోతాయి.

‘అడగాలి’ అన్న ఆలోచనకు ఆ రోజుల్లో బలం తెచ్చినవాడు అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్. 1918 జనవరి 8న ఆయన ప్రకటించిన పద్నాలుగు అంశాలూ, తర్వాతి నెలల్లో జాతుల స్వయం నిర్ణయం గురించి ఆయన చేసిన ప్రసంగాలూ లోకమంతా పాకాయి. ఆయన సొంత విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్‌కే ఈ మాట భయం కలిగించింది; అది మందుగుండు కూరిన మాట అనీ, ఎన్నటికీ తీరని ఆశలు లేపుతుందనీ ఆయన ఆ ఏడాది చివర్లో రాసుకున్నాడు. విల్సన్ మీద నాకు గౌరవం ఉంది, లాన్సింగ్ భయం నిజమైందని కూడా ఒప్పుకుంటాను. మీరు రెండింటినీ పిల్లల ముందు పెట్టండి.

ఇక అడిగిన చోట్ల సంగతి. ష్లెస్విగ్‌తో మొదలుపెట్టమని నా సలహా, ఎందుకంటే అక్కడ పని సవ్యంగా జరిగింది. డెన్మార్క్, జర్మనీల నడుమ ఉన్న ఈ ప్రాంతం 1864 యుద్ధంలో డెన్మార్క్ చేజారింది. ఉత్తర ష్లెస్విగ్ వాసులను ఓటు ద్వారా అడుగుతామని 1866 నాటి ప్రాగ్ సంధిలో రాసుకున్నారు గానీ, ఆ మాట నెరవేరకుండానే దాన్ని రద్దు చేసుకున్నారు. రాసిన మాట యాభై నాలుగేళ్ల తర్వాత, 1920లో గానీ నెరవేరలేదు. ఉత్తరాన ఉన్న మొదటి మండలంలో ఫిబ్రవరి 10న ఓటు జరిగింది, సుమారు 75 శాతం డెన్మార్క్‌ను కోరారు. దాని దక్షిణాన ఉన్న రెండో మండలంలో మార్చి 14న ఓటు జరిగింది, 80 శాతం జర్మనీని కోరారు. ఇరవై ఏళ్లు దాటిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఓటు వేశారు. గీత ఆ రెండు మండలాల మధ్య పడింది. ఆ గీతే ఈనాటికీ ఉంది.

కానీ ఇక్కడే మన ముడి కనిపిస్తుంది. మొదటి మండలాన్ని మొత్తంగా ఒకే లెక్కగా తీసుకున్నారు. దాని దక్షిణపు అంచున ఉన్న టోండర్ పట్టణవాసులు పెద్ద మెజారిటీతో జర్మనీని కోరినా, మండలం మొత్తం డెన్మార్క్ వైపు మొగ్గింది కాబట్టి వాళ్లూ డెన్మార్క్‌లో కలిశారు. రెండో మండలంలో మాత్రం ఊరూరా విడిగా లెక్క చూశారు. ఒకే ప్రాంతంలో రెండు రకాల కొలతలు వాడారన్నమాట. మొదటి మండలం గీత నాలుగు మైళ్లు ఉత్తరంగా గీసి ఉంటే టోండర్ కథ వేరు. మరో సంగతి కూడా చెప్పండి: రెండో మండలంలోని ఫ్లెన్స్‌బర్గ్ నగరం జర్మనీని కోరినా సరే దాన్ని తీసుకోవలసిందేనని డెన్మార్క్ జాతీయవాదులు పట్టుబట్టారు. ప్రధాని త్సాలె ఒప్పుకోకపోతే రాజు ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశాడు. ప్రజలు తిరగబడితే రాజు వెనక్కి తగ్గవలసి వచ్చింది, ఫ్లెన్స్‌బర్గ్ జర్మనీలోనే ఉంది. ఓటు అడగడం ఒక ఎత్తు, వచ్చిన జవాబును తమకు నచ్చకపోయినా మన్నించడం మరో ఎత్తు. ఆ గీత నూరేళ్లు నిలిచిందంటే ఈ రెండో పని జరగడం వల్లనేనని నేను నమ్ముతాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ కరింథియా. సమయం తక్కువైతే మిగతావన్నీ వదిలేసి దీన్ని ఒక్కదాన్నే చెప్పండి. ఆస్ట్రియా దక్షిణపు అంచున, కరవాంకెన్ కొండల పాదాల దగ్గర ఉన్న ప్రాంతం ఇది. కొత్తగా ఏర్పడిన దక్షిణ స్లావుల రాజ్యం (పైన చెప్పిన సెర్బులు, క్రొయేషియన్లు, స్లొవీనుల రాజ్యమే) ఇది తమదే అంది. అక్కడి పల్లెల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది స్లొవీన్ భాష. ఆస్ట్రియా ఇది తమదే అంది. 1918 చివర్లో కాల్పులు కూడా జరిగాయి. 1919 మొదట్లో షెర్మన్ మైల్స్ అనే అమెరికన్ సైనికాధికారి మరికొందరితో కలిసి ఆ పల్లెల్లో తిరిగి జనంతో మాట్లాడాడు. భాష స్లొవీనే అయినా ఆస్ట్రియాతో ఉండాలనుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారని ఆ బృందం తేల్చింది. పారిస్‌లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. చివరకు ఓటు పెట్టాలని నిర్ణయించారు.

ప్రాంతాన్ని రెండు మండలాలు చేశారు. దక్షిణాన ఉన్న మొదటి మండలంలో ముందు ఓటు, అక్కడ స్లావు రాజ్యం గెలిస్తేనే క్లాగెన్‌ఫుర్ట్ నగరం ఉన్న రెండో మండలంలో ఓటు. 1910 జనాభా లెక్కల ప్రకారం మొదటి మండలంలో దాదాపు 70 శాతం స్లొవీన్ మాట్లాడేవాళ్లు. ఆ మండలం ఓటు నాటికి స్లావు రాజ్యపు పాలన కిందనే ఉంది. ఫలితం ముందే తెలిసిపోయిందని చాలామంది అనుకున్నారు.

1920 అక్టోబర్ 10న ఓటు జరిగింది. ఒక్కొక్కరి చేతికి రెండు కాగితాలు ఇచ్చారు: ఆకుపచ్చది ఆస్ట్రియాకు, తెల్లది స్లావు రాజ్యానికి. ఏది వద్దనుకుంటే దాన్ని చింపి రెండూ కవరులో పెట్టాలి. చదువు రానివాళ్లకు కూడా తికమక లేని పద్ధతి. లెక్క తేలాక ఆస్ట్రియాకు 22,025, స్లావు రాజ్యానికి 15,279 ఓట్లు వచ్చాయి. అంటే 59 శాతం ఆస్ట్రియాను కోరారు. జర్మన్ మాట్లాడేవాళ్లంతా ఆస్ట్రియాకే వేశారనుకున్నా, స్లొవీన్ మాట్లాడే వేలాది మంది తోడు కాకుండా ఈ లెక్క కుదరదు.

ఎందుకు వేశారు? ఇక్కడ మీ పిల్లలను ఊహించమనండి, పటం చూపించండి. ఆ రైతు ధాన్యం, పశువులు అమ్ముకునే అంగడి క్లాగెన్‌ఫుర్ట్‌లో ఉంది, అది కనుచూపు మేరలో ఉన్న పట్నం. తన భాష మాట్లాడే లుబ్లియానా కొండలకు అవతల ఉంది. మంచు పడితే కనుమ దాటడం కష్టం. కొత్త గీత పడితే అంగడికి, ఇంటికి నడుమ సుంకం కట్టవలసిన గేటు వస్తుంది. ఆస్ట్రియాలో బలవంతపు సైనిక సేవ లేదు, స్లావు రాజ్యంలో ఉంది. నాలుగేళ్ల యుద్ధం తర్వాత కొడుకులున్న తల్లికి అది చిన్న విషయం కాదు. భాష ఒక్కటే మనిషిని నడిపిస్తుందని పారిస్‌లో పటాల మీద రంగులు వేసినవాళ్లు అనుకున్నారు. ఆ రంగులు అంగడిని గానీ, కొండను గానీ, కొడుకును గానీ చూపించలేదు. అయితే కథ ఇక్కడ ఆపితే అన్యాయమవుతుంది. ఓటుకు కొద్ది రోజుల ముందు కరింథియా ప్రాంతీయ సభ, స్లొవీన్ల భాషనూ సంస్కృతినీ కాపాడతామని మాట ఇచ్చింది. ఆ మాట తర్వాతి కాలంలో నిలబడలేదు. ఊరి పేర్లు రెండు భాషల్లో రాసిన బోర్డులను కొందరు పీకి పారేసిన గొడవ 1972లో కూడా జరిగింది. ఆకుపచ్చ కాగితం ఉంచుకున్న స్లొవీన్ రైతు మనవలు ఆ బోర్డుల కోసం ఇంకా పోరాడవలసి వచ్చింది.

ఎగువ సైలీషియా గురించి క్లుప్తంగానే చెప్పండి, ఎందుకంటే దాని వివరాల్లోకి దిగితే పీరియడ్ సరిపోదు. బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు నిండిన ఆ ప్రాంతంలో 1921 మార్చి 20న ఓటు జరిగింది. జర్మనీకి సుమారు 7 లక్షల 7 వేలు, పోలెండ్‌కు సుమారు 4 లక్షల 79 వేలు పడ్డాయి. అక్కడ పుట్టి వేరే చోట స్థిరపడినవాళ్లకు కూడా ఓటు ఇచ్చారు. అలా రైళ్లలో వచ్చి ఓటేసినవాళ్లు లక్షకు బాగా పైనే, వారిలో ఎక్కువమంది జర్మనీ వైపు. ఆ ఊళ్లో పుట్టినవాడిదా ఊరు, ఇప్పుడు ఉంటున్నవాడిదా అని అడిగి చూడండి, మీ తరగతి రెండుగా చీలుతుంది. ఓటు తర్వాత మే నెలలో పోలిష్ తిరుగుబాటు వచ్చింది. చివరికి నానాజాతి సమితి మండలి ఆ ప్రాంతాన్ని ముక్కలు చేసింది: పోలెండ్‌కు నేలలో సుమారు మూడో వంతే దక్కినా, గనుల్లోనూ కర్మాగారాల్లోనూ పెద్ద వాటా దక్కింది. కటోవిత్సే పట్టణం జర్మనీని కోరినా, చుట్టూ ఉన్న పల్లెలు పోలెండ్‌ను కోరడం వల్ల పోలెండ్‌లో చేరింది.

ఓటు అడిగినట్టే అడిగి అడగని చోటు ఒకటుంది. బెల్జియం సరిహద్దులో, అప్పటిదాకా జర్మనీలో ఉన్న ఓయిపెన్, మల్మెడీ ప్రాంతాలను వర్సెయిల్స్ సంధి బెల్జియంకు ఇచ్చి, అభ్యంతరం ఉన్నవాళ్లు రిజిస్టర్‌లో సంతకం చేయవచ్చంది. రహస్య ఓటు కాదు. బెల్జియం అధికారులు తెరిచిన పుస్తకంలో, వాళ్ల కళ్ల ముందు, పేరు రాసి సంతకం పెట్టాలి. దాదాపు 34 వేల మందికి హక్కు ఉంటే సంతకం చేసినవాళ్లు 271 మంది. దీన్ని జనం సమ్మతిగా లెక్కగట్టారు. ఊళ్లో ఏ పెద్దమనిషో పంచాయితీలో “ఎవరికైనా అభ్యంతరముందా?” అని గద్దించి అడిగితే వచ్చే మౌనం ఎలాంటిదో మన పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

అడగని చోట్లలో రెండింటిని తప్పక చెప్పండి. ఒకటి, అప్పటిదాకా ఆస్ట్రియాలో ఉన్న దక్షిణ టైరోల్. ఇటలీ హద్దులు స్పష్టంగా కనిపించే జాతుల రేఖల వెంట ఉండాలని విల్సన్ తొమ్మిదో అంశంలోనే రాశాడు. కానీ యుద్ధంలోకి దిగినందుకు ప్రతిఫలంగా బ్రెన్నర్ కనుమ దాకా నేల ఇస్తామని బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలు 1915 ఏప్రిల్ 26న లండన్‌లో ఇటలీతో రహస్యంగా ఒప్పుకుని ఉన్నాయి. విల్సన్ తలొగ్గాడు. రెండు లక్షలకు పైగా జర్మన్ భాషీయులు ఒక్క ఓటు లేకుండా ఇటలీ పౌరులయ్యారు. ముస్సోలినీ రోజుల్లో బడుల్లో జర్మన్ భాషలో బోధన నిషేధమైతే, అక్కడి ఉపాధ్యాయినులు ఇళ్లలో, అటకల మీద, దొంగచాటుగా పిల్లలకు అక్షరాలు నేర్పారు. పట్టుబడినవారు జైలు పాలయ్యారు, కొందరిని ఊరి నుంచి వెళ్లగొట్టారు. మీరు ఉపాధ్యాయురాలు గనుక ఈ వివరం మీకోసమే రాస్తున్నాను.

రెండోది హంగేరీ. ట్రయనాన్ సంధితో దాని నేల సుమారు 2,82,000 చదరపు కిలోమీటర్ల నుంచి 93,000కు, జనాభా 1 కోటి 82 లక్షల నుంచి 76 లక్షలకు పడిపోయింది (ఇందులో క్రొయేషియా లెక్క లేదు). పోయినవాళ్లలో ఎక్కువమంది స్లొవాక్‌లు, రొమేనియన్లు, సెర్బులు. వాళ్లలో చాలామందికి అది విముక్తే. కానీ వారితో పాటు 30 లక్షలకు పైగా హంగేరియన్లు కూడా గీతకు అవతల పడ్డారు. వీరిలో చాలామంది కొత్త సరిహద్దును ఆనుకునే ఉన్నారు. గీతను కొంచెం జరిపితే హంగేరీలోనే ఉండేవారు. ఎందుకు జరపలేదంటే, రొమేనియా వైపున ఆరాద్, ఒరాడియా, సతు మారే పట్టణాలను కలుపుతూ ఉత్తర దక్షిణాలుగా ఒక రైలుమార్గం ఉంది. అది లేకపోతే తమ ప్రాంతానికి రాకపోకలు ఉండవని రొమేనియా వాదించింది. రైలు పట్టాలతో పాటు పట్టణాలు, పట్టణాలతో పాటు మనుషులు వెళ్లిపోయారు.

హంగేరీ ప్రతినిధి కౌంట్ ఆల్బర్ట్ అప్పొన్యీ 1920 జనవరి 16న పారిస్‌లో మాట్లాడుతూ, పోయే ప్రాంతాల్లో ఓటు పెట్టమని కోరాడు. న్యాయమైన కోరికే. ఒప్పుకోలేదు. అయితే ఇదే అప్పొన్యీ 1907లో విద్యామంత్రిగా ఉండగా, స్లొవాక్, రొమేనియన్ బడుల మీద హంగేరియన్ భాషను రుద్దే చట్టం తెచ్చాడు. అప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు. ఈ రెండు సంగతులనూ విడదీయకుండా చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది దాస్తే హంగేరీ పక్షం వహించినట్టు, రెండోది చెప్పి మొదటిది దాస్తే ఆ 30 లక్షల మందికి శిక్ష వేసినట్టు అవుతుంది. అదే హంగేరీలో ఓటు జరిగిన చోటు షొప్రోన్. ఆస్ట్రియాకు వెళ్లవలసిన ఆ పట్టణంలో, చుట్టుపక్కల ఎనిమిది గ్రామాల్లో 1921 డిసెంబర్‌లో ఓటు పెడితే 65 శాతం హంగేరీని కోరారు, పట్టణం అక్కడే నిలిచింది.

ఐరోపా దాటితే ‘అడగడం’ అనే మాటకు విలువ మరీ తగ్గిపోయింది. 1919 వేసవిలో విల్సన్ పంపిన హెన్రీ కింగ్, చార్లెస్ క్రేన్ అనే ఇద్దరు సిరియా, పాలస్తీనా ఊళ్లు తిరిగి 1,863 అర్జీలు తీసుకున్నారు. వాటిలో 80 శాతం సిరియాను ముక్కలు చేయవద్దన్నవే. ఆ నివేదికను శాంతి సభ పట్టించుకోలేదు. 1922 దాకా అది అచ్చు కూడా కాలేదు. ఈలోగా 1920 ఏప్రిల్‌లో సాన్ రెమోలో బ్రిటన్, ఫ్రాన్స్‌లు ఆ ప్రాంతాలను మాండేట్ల (నానాజాతి సమితి తరఫున పాలించే అధికారం) పేరుతో పంచుకున్నాయి. జూలై 24న మైసలూన్ దగ్గర ఫ్రెంచి సైన్యం సిరియన్లను ఓడించి డమాస్కస్‌లోకి నడిచింది. ఊరి బయట అర్జీ పట్టుకుని ఎండలో వరుసలో నిలబడి, తన మాట వింటున్నారనుకున్న మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. అసలు అడగకపోవడం కన్నా ఇది పెద్ద ద్రోహం.

మన దేశానికి దీనితో నిజమైన సంబంధం ఉంది కాబట్టి అదీ చెప్పండి. వర్సెయిల్స్ సంధి మీద భారతదేశం పేరిట సంతకాలున్నాయి: ఒకటి బ్రిటిష్ మంత్రి మాంటేగ్‌ది, మరొకటి బికనీర్ మహారాజు గంగాసింగ్‌ది. పది లక్షలకు పైగా మన సైనికులు సముద్రాలు దాటి ఆ యుద్ధంలో పనిచేశారు, మెసొపొటేమియాలో ఒట్టోమన్ సైన్యంతో పోరాడిన వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. సంతకానికి ముందు వాళ్లలో ఒక్కరినీ అడగలేదు. ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని పంచుకున్న తీరు మీద ఇక్కడి ముస్లింల ఆగ్రహమే ఖిలాఫత్ ఉద్యమమైంది. గాంధీజీ దాన్ని సహాయ నిరాకరణోద్యమంతో కలిపారు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు కృష్ణా తీరాన గుమికూడిన జనానికి సెవ్ర్ సంధి దూరదేశపు కాగితం కాదు.

ఆ సెవ్ర్ సంధి అమలే కాలేదు. అందులో కుర్దులకు, ఆర్మీనియన్లకు ఇచ్చిన మాటలు తుర్కుల నాయకుడు ముస్తఫా కెమాల్ యుద్ధాల తర్వాత 1923 జూలై 24 నాటి లోజాన్ సంధిలో కనిపించకుండా పోయాయి. అంతకుముందే, 1923 జనవరి 30న లోజాన్‌లోనే గ్రీస్, తుర్కియేలు మరో ఒప్పందం చేసుకున్నాయి: తుర్కియేలోని గ్రీకు సనాతన క్రైస్తవులు గ్రీస్‌కు, గ్రీస్‌లోని ముస్లింలు తుర్కియేకు వెళ్లిపోవాలి, అనుమతి లేకుండా తిరిగి రాకూడదు. ఇష్టముంటే వెళ్లమని కాదు, వెళ్లి తీరాలని. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు, సుమారు మూడున్నర నుంచి నాలుగు లక్షల మంది ముస్లింలు దీని కిందికి వచ్చారు; క్రైస్తవుల్లో చాలామంది 1922 యుద్ధంలోనే ప్రాణభయంతో పారిపోయి ఉన్నారు, ఈ ఒప్పందం వాళ్ల వెనక తలుపు మూసింది. ఇస్తాంబుల్‌లోని గ్రీకులను, పశ్చిమ థ్రేస్‌లోని ముస్లింలను మాత్రం మినహాయించారు.

లెక్కకు తీసుకున్నది మతాన్ని, భాషను కాదు. అనటోలియా నడిబొడ్డున తుర్కీ భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు ‘గ్రీకులు’గా గ్రీస్ చేరి, అక్కడి మాట అర్థంకాక నిలబడ్డారు. క్రీట్ ద్వీపంలో గ్రీకే మాతృభాషగా పెరిగిన ముస్లింలు ‘తుర్కులు’గా ఇజ్మీర్ ఒడ్డున దిగారు. ఫెతియే పట్టణం దగ్గర కాయాకోయ్ అనే ఊరుంది. కొండవాలు మీద వరుసలు వరుసలుగా రాతి గోడల ఇళ్లు, పైకప్పులు లేవు, చర్చి ఉంది, బావులున్నాయి, మనుషులు లేరు. ఈ ఊరి ఫొటో ఒకటి ముద్రించి గోడకు అంటించండి. అటు ఏథెన్స్‌లో ఒక పేట పేరు ‘కొత్త స్మిర్నా’. వదిలి వచ్చిన నగరం పేరునే వాళ్లు పెట్టుకున్నారు.

పోలవరం ముంపులోనో, మరో ప్రాజెక్టు కిందనో ఊరు వదిలిన కుటుంబం నుంచి వచ్చిన పిల్లలు మీ తరగతిలో ఉంటే ఇక్కడ కాస్త నెమ్మదిగా నడపండి.

ఇక మీ విద్యార్థిని ఇంటి సంగతి. తిరుత్తణి తాలూకాలో చాలా భాగం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల్లోని కొన్ని ప్రాంతాలు మనకు వచ్చాయి. ఈ సరిహద్దు తగవుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్, గ్రామాన్ని కొలమానంగా పెట్టుకుని, అక్కడ ఏ భాషవాళ్లు ఎక్కువో, ఆ గ్రామం ఏ రాష్ట్రానికి ఆనుకుని ఉందో చూశారు. ఓటు పెట్టలేదు, జనాభా లెక్కలు చూశారు. యుద్ధం తర్వాత దేశాలు విడిపోవడంతో దీన్ని సమానం చేయకండి. ఇటు పడినా అటు పడినా ఆ అమ్మమ్మగారు భారత పౌరురాలే, ఆమె కూతురిని ఇవతలికి ఇచ్చి పెళ్లి చేయడానికి పాస్‌పోర్టు అవసరం పడలేదు. తేడా చెప్పాకనే పోలిక చెప్పండి: కరింథియాలో మండలాన్నీ, తిరుత్తణిలో గ్రామాన్నీ కొలమానంగా తీసుకున్నారు; ఈ ఎంపిక మారితే ఫలితం మారుతుంది. ఒక పల్లెలో తెలుగు ఎక్కువ, పక్క పల్లెలో తమిళం ఎక్కువ, మధ్యలో ఉన్న ఇంట్లో రెండూ వినిపిస్తాయి. ఆ మూడో ఇంటిని ఏ కొలతా పట్టుకోలేదు.

ఇక తరగతిలో ఎలా చేయాలో చెబుతాను. ఉపన్యాసం పది నిమిషాలకు మించవద్దు. కరింథియా కథను ఫలితం చెప్పకుండా వినిపించి, ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక ఆకుపచ్చ కాగితం, ఒక తెల్ల కాగితం ఇవ్వండి. ఒకరు అంగడికి పశువులు తోలే రైతు, ఒకరు స్లొవీన్ బడి పంతులు, ఒకరు కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి, ఒకరు క్లాగెన్‌ఫుర్ట్‌లో కొట్టు నడిపే జర్మన్ భాషీయుడు. వద్దనుకున్న కాగితం చింపి కవరులో వేయమనండి. లెక్క పెట్టి, అప్పుడు 22,025, 15,279 అని బోర్డు మీద రాయండి. తర్వాత ఆ ప్రాంతపు పటం మీద మండలాల గీతను చెరిపేసి, పెన్సిలు ప్రశ్న అడిగిన అమ్మాయి చేతికే ఇచ్చి, “ఓటు ఎవరెవరిని అడగాలో నువ్వు గీయమ్మా” అనండి. ఆమె గీసిన చోట ఎందుకు గీసిందో చెప్పేదాకా మిగతావాళ్లను ఆగమనండి.